నల్లబట్టల్లో జీఎంని వెతికిన కథ

ఉద్యోగం కోసం ఇంటర్వ్యూకి వెళ్లి, ఎదురుగా కూర్చున్న జీఎం ముఖం చూడగానే "వద్దులెండి సార్, నేనే వెళ్లిపోతా" అన్నవాణ్ణి ఎక్కడైనా చూశారా? ఇదిగో, మీ ఎదురుగానే టీ తాగుతున్నాడు. అప్పుడే నవ్వకండి, పూర్తిగా విని నవ్వండి.

సెల్‌ఫోన్ ఇంకా గొప్పోళ్ల వస్తువుగా ఉన్న రోజులవి. నేను బెంగళూరు శివార్లలో, బొమ్మసంద్రలో ఓ చిన్న కంపెనీలో క్వాలిటీ ఇంజనీర్ని. కార్లకి వేసే రబ్బరు సీళ్లు చేసేవాళ్లం. ఆయుధపూజ నాడు మా ఓనరు మిషన్లన్నిటికీ బొట్లు పెట్టి, గుమ్మడికాయ కొట్టి, బొరుగులూ బూందీ పంచి, అందరూ నోట్లో వేసుకున్నాక చల్లగా చెప్పాడు. "జనవరి తర్వాత ఫ్యాక్టరీ మూసేస్తున్నా. మీ దారి మీరు చూసుకోండి." ఆ బూందీ ఇప్పటికీ నా గొంతులోనే ఉంది!

ఊళ్లో తమ్ముడి ఇంజనీరింగ్ చదువు నా జీతం మీదే నడుస్తోంది. ఇంత బెంగళూరులో నాకు తెలిసినవాడు మా రూమ్మేట్ రఫీ ఒక్కడే.

"రేయ్, బయోడేటాలు పోస్టులో పడేస్తే పని జరగదు. నలుగురితో పరిచయాలు పెంచుకో. నెట్‌వర్కింగ్ అంటారు దాన్ని" అన్నాడు రఫీ. వాడికి తెలిసినవాణ్ణీ నేనొక్కణ్ణే, అది వేరే సంగతి.

మా ఇంటి ఓనరు మునియప్ప గారు తాతల కాలం నుంచీ మడివాళలోనే స్థిరపడ్డ తెలుగాయన. ఏటా అయ్యప్ప మాల వేసుకుంటారు, ఓ గుంపుకి గురుస్వామి కూడా. అద్దె ఇవ్వడానికి వెళ్తే నా ముఖం చూశారు.

"ఏమప్పా, అట్ల వాడిపోయి ఉండావు? ఈ తూరి మాతో మాల వేసుకో. అంతా అయ్యప్ప చూసుకుంటాడు. మా గుంపులో పీణ్యలో ఒక ఫ్యాక్టరీ జీఎం కూడా ఉండాడు."

ఆయన చెప్పిన మాటల్లో నా చెవికి ఎక్కింది చివరిదొక్కటే.

"ఆయన ఎవరండీ?"

"అది అడగకూడదప్పా. మాల వేసుకున్నంక పేరు లేదు, పని లేదు. అందరూ స్వామే."

వేసుకున్నా! బెంగళూరు చలిలో తెల్లవారకముందే చన్నీళ్లు. కాళ్లకి చెప్పుల్లేవు. నాకోసం రఫీ ఇంట్లో కోడిగుడ్డు కూడా వండడం మానేశాడు. నాకంటే ముందు లేచి, "లే స్వామీ, ఉద్యోగానికి టైమవుతోంది" అని దుప్పటి లాగేవాడు. ఏ ఉద్యోగమో వాడికీ నాకూ మాత్రమే తెలుసు.

సాయంత్రం పూజ మునియప్ప గారి మిద్దె మీద. వెళ్లి చూద్దును కదా, అందరూ ఒకేలా ఉన్నారు! నల్ల పంచె, పెరిగిన గడ్డం, వట్టి కాళ్లు. జీఎం అని నుదుటి మీద రాసి ఉండదు కదా, ఉన్నదంతా విభూతే.

రెండు మూడు పూజల్లోనే పట్టేశాను లెండి. ఒక స్వామికి బంగారు ఫ్రేము కళ్లజోడు. తెల్ల కారులో వస్తాడు. భజన అవగానే "వెరీ గుడ్ స్వామీ" అంటాడు. పైగా ఆయన జోలెలో సెల్‌ఫోన్ మోగుతుంది! ఇంకేం కావాలి? ఆ రోజు నుంచి ఆయన చాప నేనే పరిచా. భిక్షకి మొదటి ఆకు ఆయనకే వేశా. ఆయనకి దాహం వేస్తోందని ఆయన కంటే ముందు నాకే తెలిసేది.

ఇంకో స్వామి ఉండేవాడు. సన్నగా, పొట్టిగా, హొసకోటె వైపు తెలుగు మాట్లాడుతూ సిటీ బస్సులో వచ్చేవాడు. పనంటే ముందుండేవాడు. అలాంటివాణ్ణి నేను వదులుతానా?

"స్వామీ, ఆ సాంబారు గిన్నె కాస్త తోమెయ్యండి స్వామీ."

"అట్లే స్వామీ."

ఒక సాయంత్రం ఇద్దరం కూర్చుని కొబ్బరికాయలు కొడుతున్నాం. "స్వామి ముఖంలో ఏందో దిగులు ఉండాదే?" అన్నాడు. అంతే, అంత మెత్తగా అడిగేసరికి నా గోడంతా వెళ్లబోసుకున్నా. ఫ్యాక్టరీ, తమ్ముడు, ఫీజులు. అక్కడితో ఆగానా?

"మీ దగ్గర దాచడమెందుకు స్వామీ. నాకు భక్తి కాస్త తక్కువే. ఆ కళ్లజోడు స్వామి పీణ్యలో జీఎం. ఆయన్ని పట్టుకుందామనే ఇదంతా."

ఆ స్వామి చేతిలో కత్తి ఆగింది. "ఆయనే అని ఎట్ల తెలిసె స్వామీ?"

"మనిషిని చూస్తే తెలియడంలా? ఆ హుందాతనం! జీఎంలు మనలాగా గిన్నెలు తోముతారా?" అన్నా. మళ్లీ నాకే జాలేసింది. "మీరేం బెంగపడకండి. నాకు పని దొరకనివ్వండి, మీ సంగతి కూడా ఆయన చెవిన వేస్తా. స్టోర్సులోనో ఎక్కడో చూద్దాం."

"మీ దయ స్వామీ" అని కొబ్బరి చిప్పలెత్తుకుని లోపలికి పోయాడు. వెనకనుంచి చూస్తే భుజాలు అదురుతున్నాయి. పాపం, ఏడుస్తున్నాడనుకున్నా!

కొండకి వెళ్లొచ్చి మాలలు తీశాం. కళ్లజోడు స్వామి నా వీపు తట్టి విజిటింగ్ కార్డు ఇచ్చాడు. అందులో 'షామియానాలు, వంట పాత్రలు అద్దెకివ్వబడును' అని ఉంది. "నీ పెళ్లికి పందిరి నాది తమ్ముడూ!" అన్నాడు. నా ముఖం ఎలా ఉండుంటుందో మీరే ఊహించుకోండి.

ఆ వారంలోనే మునియప్ప గారు పిలిచారు. "జీఎం నీ పేరు అడిగి కనుక్కున్యాడప్పా. పీణ్యకు పోయి కలువు."

రఫీ దగ్గర టై అడిగి కట్టుకుని వెళ్లా. తలుపు తోశా. పెద్ద టేబుల్ వెనక నున్నగా గడ్డం గీసుకుని, కోటు వేసుకుని, మా సన్న స్వామి! దీక్షలో ఉన్నన్నాళ్లూ ఆయన కారు మానేసి బస్సులోనే తిరుగుతాడని నాకెవరు చెప్పారు? "వద్దులెండి సార్, నేనే వెళ్లిపోతా" అని వెనక్కి తిరిగా.

"కూర్చోండి స్వామీ. నా స్టోర్సు పని ఏమాయె?"

కూర్చున్నా. కుర్చీ అంచు మీద. ఆపైన రబ్బరు గురించి గుచ్చి గుచ్చి అడిగాడు, ఎక్కడా దయ చూపించలేదు. నాకు తెలిసింది చెప్పా, తెలియంది తెలియదన్నా. చివరికి పెన్ను కింద పెట్టాడు.

"భక్తి తక్కువ అంటిరి. అంత చలిలో ఒక్క పూజకీ ఆలస్యంగా రాలేదు. మీకే పని లేనప్పుడు నాకు పని చూస్తామంటిరి. ఆ మాట నేను మరవలేదు. సోమవారం వచ్చి చేరండి."

నిజం చెప్తున్నా, కళ్లల్లో నీళ్లొచ్చాయి. కళ్లజోడు స్వామి వెనకాల అన్నాళ్లు తిరిగి సంపాదించలేని మనిషిని, కొబ్బరికాయల దగ్గర ఊరికే సంపాదించుకున్నా. ఇంటికెళ్లి చెప్తే రఫీ ఎగిరి గంతేసి, ఆ పూటే అరడజను గుడ్లు కొట్టి అట్టు వేశాడు.

మరుసటేడు ఎవరూ పిలవకుండానే మళ్లీ మాల వేసుకున్నా. ఈసారి ఒక్క స్వామిని గిన్నె ముట్టనివ్వలేదు, అందరి ఆకులూ నేనే ఎత్తా. "మావానికి భక్తి బాగా కుదిరిందప్పా" అని మునియప్ప గారు ఊరంతా చెప్పి మురిసిపోయారు. భక్తా నా బొందా! ఆ ఏడు గుంపులో కొత్తగా ఇద్దరు స్వాములు చేరారు. వాళ్లలో ఎవరు ఏ కంపెనీ ఎండీనో నాకేం తెలుసండీ?