చెట్టు పచ్చిగానే ఉందన్నారు

మేడ మీద మేం, కింద మా మరిది. మా మామ పోయాక అన్నదమ్ములిద్దరూ నంద్యాల ఇల్లు అలా పంచుకున్నారు. ఇంటి ముందు ఖాళీ జాగా, అందులోని వేపచెట్టూ మా వాటాకే వచ్చాయి. గాలీ వెలుతురూ మావేనని అప్పట్లో తెగ మురిసిపోయాను. మా ఆయనకు పక్షవాతం వచ్చి కుడి కాలూ చెయ్యీ పడిపోతాయని ఎవరు కలగన్నారు! ఆస్పత్రి నుంచి వచ్చిన రోజు నలుగురు కుర్చీలో కూర్చోబెట్టి, బేతంచెర్ల బండల మెట్ల మీదుగా పైకి మోశారు. ఆ తర్వాత ఆయన కిందికి దిగింది రెండేసార్లు. రెండుసార్లూ ఆస్పత్రికే.

నాది ఆళ్లగడ్డలో టీచరుద్యోగం. పొద్దున్నే ఆయనకు టిఫిను పెట్టి, కుర్చీ వరండాలోకి లాగి, ఫోను చేతికిచ్చి బస్సెక్కుతాను. సాయంత్రం వచ్చేసరికి అక్కడే ఉంటాడు. ఎక్కడికి పోతాడు! ఏడాదిన్నరగా ఆయనకు ఆ ఊచలూ, ఊచల అవతల చెట్టూ తప్ప ఇంకేమీ లేవు. క్లాసులో పాఠం చెప్తున్నా నా ప్రాణం ఆ వరండాలోనే కొట్టుకుంటూ ఉండేది.

ముందు జాగాలో ఒక గదీ, ఒక బాత్‌రూమూ వేసుకుంటే చాలు. మనిషి కింద ఉంటాడు, చక్రాల కుర్చీలో వీధి చివరి టీ కొట్టుదాకా పోయొస్తాడు. కానీ రోడ్డు పక్క ఇంత జాగా వదలాలని రూలు. గది వేస్తే మాకు వదలడానికేమీ మిగలదు. మున్సిపల్ ఆఫీసులో సడలింపు అడగమన్నారు, అడిగాను.

"నడవలేని మనిషి గదా, ఇస్తార్లేమ్మా. కాకపోతే ఆడ చెట్టుండాది. అది పోతేనే ప్లాను కదిలేది" అన్నాడు ప్లాన్లు చూసే ఆయన.

చెట్ల సంగతి చూసే ఆయన దగ్గరికి పోయాను. "ప్లాను పాసయితేనే గదమ్మా చెట్టు కొట్టే పని పడేది? ఆ కాగితం తీసుకురాపో" అన్నాడు.

ఇద్దరి బల్లలూ ఒకే గదిలో, ఒకే ఫ్యాను కింద. ఒకరితో ఒకరు ఒక్క ముక్క మాట్లాడుకుంటే తేలిపోయేది. మాట్లాడుకోరు! నేనే ఆ బల్ల నుంచి ఈ బల్లకు, ఈ బల్ల నుంచి ఆ బల్లకు. నా సెలవులన్నీ ఆ గదిలోనే హరించుకుపోయాయి.

అంతలో ఊళ్ళో వేపచెట్లకు తెగులు తగిలింది. మా చెట్టూ కొమ్మల చివర్ల నుంచి మాడిపోయింది. ఆ ఆదివారం చర్చిలో మోకాళ్ళ మీద కూర్చుని దేవుడికి థాంక్స్ చెప్పుకున్నాను. పాపమే, ఒప్పుకుంటాను. తెగులుతో చచ్చిన చెట్టయితే ప్లానుతో పని లేకుండా కొట్టనిస్తారట. వెంటనే అర్జీ పెట్టాను.

అప్పుడు నా మెడకు చుట్టుకుంది, ఎప్పుడో నేను చేసిన ఘనకార్యం. పదేళ్ళ కిందట దారిన పోయే ప్రతి మగాడూ ఒంటేలుకు ఆ చెట్టు దగ్గరే నిలబడేవాడు. చెప్పీ చెప్పీ నోరు పడిపోయి, ఒకరోజు మొద్దుకు పసుపు పూసి కుంకుమ బొట్లు పెట్టాను. చర్చికి పోయేదాన్ని, పాస్టరమ్మ చూస్తే ఏమనేదో! మర్నాటి నుంచి ఒక్కడు నిలబడితే ఒట్టు. కొన్నాళ్ళకు వీధిలో ఆడవాళ్ళు గాజులు కట్టడం, మంగళవారం దీపం పెట్టడం మొదలుపెట్టారు. జాగా శుభ్రంగా ఉంది కదా అని నేనూ నోరు మూసుకున్నాను.

అర్జీ సంగతి తెలిసి వాళ్ళంతా మా మెట్ల దగ్గరికి వచ్చారు. "అమ్మవారి చెట్టు టీచరమ్మా. కొడితే ఊరుకుంటాదా?"

"అమ్మవారూ లేదు, ఏమీ లేదు. ఆ బొట్టు పెట్టింది నేనే!" అని అరిచాను.

"సూడు మల్ల! చర్చికి పోయే నీతోనే పెట్టిచ్చుకుందంటే ఎంత మహిమో!"

వాళ్ళంతా చెట్టు కొట్టొద్దని వేలిముద్రలూ సంతకాలూ పెట్టి ఆఫీసులో ఇచ్చొచ్చారు. దాంతో చెట్లాయన మెలిక పెట్టాడు. చెట్టు పూర్తిగా చచ్చి ఉండాలి, ఒక్క చిగురున్నా కుదరదు, తనే వచ్చి చూస్తానన్నాడు.

ఆయనొచ్చిన రోజు సెలవు పెట్టి కిందే నిలబడ్డాను. చుట్టూ ఆడవాళ్ళు. మొద్దును కత్తితో గీకాడు. ఎండు పొట్టే రాలింది. "ఎండిపోయినట్టే ఉండాదమ్మా" అంటూ పెన్ను తీశాడు. తీసి, ఎందుకో తలెత్తాడు. పై కొమ్మలు కింద నుంచి కనబడవు. మా ఆయన కనబడ్డాడు.

"ఏమప్పా, పైన గానీ చిగురేమన్నా ఉండాదా?"

మా ఇంటికొచ్చే వాళ్ళెవరూ ఆయన్ని ఏమీ అడగరు. ఆయన ఎదురుగానే నన్నడుగుతారు, "తింటాండాడా? నిద్ర పోతాండాడా?" అని. జబ్బు చేశాక ఆయన మాట ముద్దముద్దగా వస్తుంది. అర్థం చేసుకునే ఓపిక ఎవరికుంది? అలాంటి మనిషిని వీధిలోంచి ఒకరు పిలిచి అడిగారు. ఎడమ చేత్తో ఊచ పట్టుకుని లేచి నిలబడ్డాడు. ఒక్కో మాటా బలంగా బయటికి నెట్టాడు.

"ఉండాది సార్! ఈ పక్క... చానా ఏసింది! ఎర్రగా! నేను దినామూ... సూస్తాండా!"

ఆడవాళ్ళు చేతులెత్తి దండం పెట్టారు. చెట్లాయన రాసుకున్నాడు. ఎండు కొమ్మలు మాత్రం కొట్టించుకోమని చెప్పి బండెక్కి పోయాడు.

కడుపు మండిపోతూ మెట్లెక్కాను. గది ఎవరికోసమయ్యా, నీకోసం కాదా, అని కడిగేద్దామనుకున్నాను. ఆయన ఇంకా నిలబడే ఉన్నాడు. చొక్కా చెమటతో తడిసిపోయింది, ముఖం వెలిగిపోతోంది.

"ఆ సారుకు... నా మాట అర్థమయిందా?" అన్నాడు. "మళ్ళా అడగల్యా గదా?"

"అర్థమయింది" అన్నాను. "నువ్వు చెప్పింది చెప్పినట్టే రాసుకున్నాడు."