ఉక్కు మనిషికి స్నానం

మా ఆయన మేనత్తను వీధంతా తెరత్త అని పిలిచేది. మూగ సినిమాల రోజుల్లో హాల్లో తెర గుడ్డను నీళ్లతో తడపడం ఆవిడ ఉద్యోగం. తడిస్తేనే గుడ్డలోంచి వెలుగు దూరి, తెర వెనక కూర్చున్నవాళ్లకూ బొమ్మ కనబడేది. తెర ముందు కుర్చీల్లో మగవాళ్లు, వెనక చాపల మీద ఆడవాళ్లు. వెనకనుంచి చూస్తే కుడి ఎడమలు తారుమారైతే ఏం, బొమ్మ బొమ్మే కదా! ఈ కథ ఆవిడ చేత ఎన్నిసార్లు చెప్పించుకున్నానో నాకే తెలియదు.

ఒక ఏడు వెనక చాపలు ఖాళీ అయిపోయాయి. "కొత్త బొమ్మకీ ఇంతే అయితే తెర బదులు గోడే కట్టించేస్తా. గోడని తడపక్కర్లేదు కదమ్మా" అన్నాడు యజమాని. అంటే తన ఉద్యోగం ఊడినట్టే అనుకుంది తెరత్త. ఇంటింటికీ తిరిగి, "చందమామ మీదికి మనుషులు వెళ్తారటర్రా, రండి!" అని పిలిచింది.

"వెళ్లి ఏం చేస్తారు అత్తా?" అంది ఆ వీధిలోనే బట్టలు కుట్టే కుట్టుపని వదిన.

"చూస్తేగా తెలిసేది!"

ఆ మాటకే చాపలు నిండిపోయాయి.

దీపాలు ఆరాయి. గాజు బండి ఒకటి రివ్వున పైకి లేచింది. కింద భూమి కుంచించుకుపోయి బంతంత అయింది. ఆడవాళ్లు చాపల్ని గట్టిగా పట్టుకున్నారట. "అందులో మనిల్లు ఎక్కడే?" అని ఓ ముసలమ్మ కళ్లు చికిలించి వెతికిందట. బండి చందమామ మీద దిగింది. అంతా గుంటలే. ఓ గుంటలోంచి ఉక్కు మనిషి లేచాడు, కళ్లల్లో దీపాలతో. ప్రయాణికులు హడలిపోయి బండెక్కేశారు. వాడు నడుస్తూ నడుస్తూ తెరంతా నిండాడు. సరిగ్గా అప్పుడే గాలికి తడి గుడ్డ ఉబ్బింది.

"అమ్మో, బయటికొచ్చేస్తున్నాడు!"

చెప్పులు వదిలేసి అందరూ తలుపు వైపు పరుగు. వీళ్లు గడప దాటారంటే గోడ లేచినట్టే. తెరత్త బకెట్టెత్తి ఉక్కు మనిషి మొహాన ఫెడీల్మని నీళ్లు కొట్టింది.

"గుడ్డేనే, పిచ్చిమొహాల్లారా! స్నానం కూడా చేయించా, కూర్చోండి!"

అందరూ గడప దగ్గరే ఆగి వెనక్కి తిరిగారు. "వీపు కూడా రుద్దత్తా!" అంది కుట్టుపని వదిన. నవ్వుకుంటూ మళ్లీ చాపలెక్కారు.

అవతల, తెర ముందువైపు వింత జరిగింది. గుడ్డలోంచి ఊరి వాడి కళ్ల కింద నీళ్లు ధారలు కట్టాయి. పక్కన నిలబడి బొమ్మకు కథ చెప్పే ఆయన అప్పటిదాకా "చంపడానికొస్తున్నాడు!" అని అరుస్తున్నవాడు, గొంతు మార్చి, "చూడండి బాబూ, ఏడుస్తున్నాడు! నన్నొక్కణ్ణీ వదిలి పోవద్దంటున్నాడు!" అన్నాడు. బొమ్మకు వాయించే ఫిడేలు జాలిగా మోగింది. మీసాలవాళ్లు కూడా కళ్లు తుడుచుకున్నారట. బండి ఎగిరిపోతుంటే హాలు చప్పట్లతో దద్దరిల్లింది.

ఆట అయ్యాక యజమాని వెనక్కి వచ్చాడు.

"నీళ్లు కొట్టిందెవరు?"

"నేనే."

"రేపూ సరిగ్గా అప్పుడే కొట్టమ్మా. ఎడమ కన్ను కాస్త తక్కువ ఏడ్చింది."

"మీ ఎడమా, మా ఎడమా? ముందది తేల్చండి!" అంది తెరత్త.

గోడ మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు. ఆ స్నానం చూడ్డానికి మగవాళ్లు కూడా వెనక చాపలకే ఎగబడ్డారు. తర్వాత బొమ్మ పక్కూరికి వెళితే, "మా దగ్గర ఉక్కు మనిషి ఏడవడం లేదు, జనం గోల చేస్తున్నారు" అని కబురొచ్చింది. యజమాని గుర్రబ్బండి కట్టించి తెరత్తను పంపాడు.

"బకెట్టు అక్కడుంటుందిలే" అన్నాడు బండివాడు.

"నా బకెట్టుకే వాడు ఏడుస్తాడు" అని, దాన్ని ఒళ్లో పెట్టుకుని దర్జాగా ఎక్కి కూర్చుంది. ఆ బొమ్మ ఎన్ని ఊళ్లు తిరిగిందో, మా తెరత్తా అన్ని ఊళ్లూ తిరిగింది.