చక్రాల మీద అర సీసా నూనె

ఆ కబురు నాకు మొదట తెచ్చింది మా చిన్న మరిది. శ్రీరాంపూర్ గనిలో ఫస్టు షిఫ్టు దిగి, కళ్ల కింద బొగ్గు నలుపు ఇంకా పోకముందే మా క్వార్టర్‌కు వచ్చి గుమ్మంలోనే నిలబడ్డాడు.

"వదినా, నీ పేరు రాయించిన. హైదరాబాద్ అవతల రేసు ట్రాక్ ఉన్నది కదా, వచ్చే శనివారం ఎవరి కారు వాళ్లు తెచ్చుకొని నడుపుకోవచ్చంట. వద్దనకు."

నేను వద్దనలేదు. ఎప్పుడో నోరు జారి అతనితో అన్నాను, ఎదురుగా బొగ్గు లారీ రాని రోడ్డు మీద ఒక్కసారైనా కాలు చివరిదాకా తొక్కి చూడాలని ఉందని. బడికి పోయినదాన్ని కాదు నేను. అమ్మ ఇంట్లోనే బైబిలు ముందు పెట్టి చదువు చెప్పింది. ఓపెన్‌కాస్టు గనిలో డంపర్ నడిపిన నాన్న, మేం బాపు అని పిలుస్తాం, డ్రైవింగు నేర్పాడు. వేగం మీద ఈ ఆశ మాత్రం ఇద్దరిలో ఎవరూ నేర్పింది కాదు. ఇది దేవుడు మెచ్చే ఆశేనా అని వారమంతా మోకాళ్ల మీద అడుగుతూనే ఉన్నాను.

ట్రాక్ వాళ్లు ఒక జాబితా పంపారు. హెల్మెట్ ఉండాలి, బ్రేకులు బాగుండాలి, కారులో కదిలేది, వేలాడేది ఏదీ ఉండకూడదు. స్టెప్నీ తీశాను, జాకీ తీశాను, సీటు కింద దొరికిన పిల్లల చెప్పు తీశాను. చివరికి అద్దానికి వేలాడే చెక్క సిలువ దగ్గర చెయ్యి ఆగింది. దాన్ని విప్పుతుంటే పక్క క్వార్టర్ అవ్వ చూసింది. మా కాలనీ ఆడవాళ్ల ప్రార్థన నడిపేది ఆమే.

"యేసయ్యను దించి ఏడికి పోతవే?"

"వేలాడేది ఏదీ ఉండొద్దంట అవ్వా. సంచిల పెట్టుకుంట, నాతోనే ఉంటది."

"సంచిలున్నోనికి తొవ్వ ఎట్ల కనవడ్తదే?" అని, మళ్లీ అడిగింది. "ఎంత స్పీడు పోతవ్?"

"నూట ఇరవై దాకా పోవచ్చు."

"నీ తాత, నా పెనిమిటి, ముప్పై ఏండ్లు బొగ్గు బాయిలకు దిగిండు. మొదటి దినం షిఫ్టుకు పోయేముందు ప్రార్థన చేసి నొసట ఒక్క చుక్క నూనె పెట్టి పంపిన. ఒంటి మీద గీత పడకుంట పింఛన్ మీద ఇంటికొచ్చిండు." ఆ మాట మాకు వంద సార్లు చెప్పింది. ఈసారి మాత్రం గొంతులో బెంగ ఉంది.

శుక్రవారం ఉపవాస ప్రార్థన అయ్యాక బాపు కారు చూడటానికి వచ్చాడు. ఆయనకొక పద్ధతి. డంపర్ ఎక్కిన ప్రతి షిఫ్టులోనూ బండి కదిలిన పది గజాలలోపే బ్రేకు తొక్కి చూసేవాడు. నాకూ అదే అలవాటు చేశాడు. ఆ రోజు కాలనీ సందులో పది గజాలు పోనిచ్చి తొక్కాను. కారు ఎడమకు, మోరీ కాలువ వైపు గుంజింది.

"స్టీరింగు తిప్పినవా?"

"లేదు బాపూ. అదే గుంజింది."

ఎడమకు గుంజిందంటే కుడి పక్క బ్రేకు పట్టడం లేదని, బాపు ముందువైపు కుడి చక్రం విప్పాడు. బ్రేకు డిస్కు నిగనిగలాడుతోంది. వేలు పెట్టి వాసన చూశాడు.

"కొబ్బరి నూనె. ఇది లీకు కాదు బిడ్డా, ఎవరో తలకంటినట్టు అంటిండ్రు."

గోడ మీదుగా అవ్వ సంబరంగా తల ఎత్తింది. "నేనే! సిలువ దించినవ్ కదా, నాకు మనసున పట్టలె. నొసటికైతే చుక్క సాలు, గంత స్పీడుకు చుక్క ఏం సరిపోతది? చక్రాల సందులకెల్లి అర సీసా పోసిన. ఎడమ దిక్కు గోడ అడ్డమొచ్చి చెయ్యి పోలె, గదొక్కటే ఫికరు."

"అవ్వా, నూనె పడ్డ బ్రేకు పట్టది. పిల్ల అట్లనే పోతే బండి ఆగకపోయేది" అన్నాడు బాపు. ఆయన తిట్టలేదు. కానీ అవ్వ ముఖం చూడలేకపోయాను. సీసాను కొంగు చాటుకు తీసుకుని లోపలికి వెళ్లిపోయింది.

బ్రేకు ప్యాడ్లు నూనె తాగాయి, తుడిస్తే పోదు, మార్చాల్సిందే అన్నాడు బాపు. చౌరస్తా దుకాణాల్లో దొరకలేదు. మా మరిది పెద్దపల్లికి బండి మీద వెళ్లి తెచ్చేసరికి చీకటి పడుతోంది. అవి బిగించాక అదే సందులో పదిసార్లు తొక్కించాడు. పదిసార్లూ కారు తిన్నగా ఆగింది. ఆ అడ్డు గోడ కోసం దేవునికి స్తోత్రం చెప్పుకున్నాను. రెండు పక్కలా నూనె పడి ఉంటే కారు ఎటూ గుంజేది కాదు, సందులో పోయే ఆ కొద్దిపాటి వేగంలో మాకు సంగతి తెలిసేదీ కాదు.

తెల్లవారి బయలుదేరేముందు అవ్వ తలుపు తట్టాను.

"అవ్వా, తాతకు పెట్టినట్టు నాకు పెట్టు."

"వద్దు బిడ్డా. నా చెయ్యి మంచిది కాదు."

నేను తల వంచుకునే నిలబడ్డాను. చివరికి నా నొసట చెయ్యి పెట్టింది. పొడి చెయ్యి. నూనె లేదు.

ట్రాక్ మీద ప్రతి మలుపుకూ ముందే బ్రేకు తొక్కి చూసుకున్నాను. మధ్యాహ్నం ఒక్కసారి, ఒకే ఒక్కసారి, తిన్నటి దారిలో కాలు చివరిదాకా తొక్కాను. తర్వాత బ్రేకు. కారు గీత గీసినట్టు ఆగింది. హెల్మెట్ లోపల ఏడ్చాను, ఎవరికీ కనబడలేదు.

అవ్వ ఇప్పటికీ ప్రార్థనకు వస్తుంది, పాటలు ఎత్తుకుంటుంది. పిల్లలకు జ్వరమొచ్చి నొసట నూనె పెట్టమంటే మాత్రం "మీరే పెట్టుండ్రి" అని పక్కకు జరుగుతుంది. మిగిలిన అర సీసా నూనె ఆమె అలమరలో అలాగే ఉంది. మీరు ప్రార్థన చేసుకునేవాళ్లైతే, మా పక్క క్వార్టర్ అవ్వను ఒక్కసారి తలచుకోండి. ఆమె మళ్లీ ఆ సీసా మూత తీయాలని దేవుణ్ని అడగండి.