అత్తమ్మ కుడిచెయ్యి

మా అత్తమ్మకు ఒక అలవాటుంది. ఉప్పల్ పక్కన పారే మూసీ తప్ప, ఏ నది కనబడినా సరే, కుడిచేత్తో పుడిసెడు నీళ్ళు నెత్తిన చల్లుకోవాల్సిందే. ఇది తెలిసి కూడా ఆమెను ఒడిశా తీరంలోని మడ అడవికి, మొసళ్ళు తిరిగే నేషనల్ పార్కుకు తీసుకెళ్ళాను చూడండి, అదీ నా తెలివి! మా ఆయనకు నాచారం ఫ్యాక్టరీలో సెలవు దొరకలేదు. "అమ్మ పైలం. ఏమన్న అయితే నిన్నే అడుగుత" అని మమ్మల్ని రైలెక్కించాడు. నవ్వుతూనే అన్నాడు గానీ, దారి పొడుగునా ఆ మాటే నా చెవిలో మోగింది.

చేతులు బయట పెట్టొద్దని పడవతను హిందీలో ఒకసారి చెప్పాడు. నేను తెలుగులో మూడుసార్లు చెప్పాను.

"గట్లనే తియ్యి" అంది అత్తమ్మ.

ఉప్పుటేరు ఇరుకుగా ఉంది. రెండు పక్కలా బురదలోంచి పొడుచుకొచ్చిన వేళ్ళు, పొదల చాటున చుక్కల దుప్పులు, కొమ్మ మీద లకుముకి పిట్ట. అందరూ ఫొటోలు తీసుకుంటున్నారు. నేను మాత్రం అత్తమ్మ కుడిచేతినే చూస్తూ కూర్చున్నాను. ఇంతలో ఒడ్డున మొద్దులా పడున్న మొసలి ఒకటి చప్పుడు లేకుండా నీళ్ళలోకి జారింది. ఎటు పోయిందో తెలియలేదు.

సరిగ్గా అప్పుడే అత్తమ్మ చెప్పులు విడిచి, కళ్ళు మూసుకుని దండం పెట్టి, పడవ అంచు మీద నుంచి నీళ్ళకు వంగింది.

చెయ్యి పట్టి ఒక్క గుంజు గుంజాను. ఇద్దరం పడవ అడుగున పడ్డాం.

"ఏంది పిల్లా, జబ్బ ఊడుతది!" అని అరిచింది.

నిజం చెబుతాను. ఆ క్షణంలో నాకు తోచింది ఆమె ప్రాణం గురించి కాదు. ఇంటికెళ్ళి మా ఆయనకు ఏం చెప్పుకోవాలి అన్నదే.

పడవ దిగేదాకా ఆ చెయ్యి వదల్లేదు. ఆమె గింజుకుంది, తిట్టింది. తిరుగు రైల్లో నా వైపు వీపు పెట్టి పడుకుంది.

ఇంట్లో అడుగు పెట్టగానే, ఆమె చేతి మీద కమిలిన నా వేళ్ళ గుర్తులు మా ఆయన కంటబడ్డాయి.

"ఏందమ్మా ఇది? ఎట్లయింది?" అంటూ నా వైపు తిరిగాడు.

అత్తమ్మ కొంగుతో చెయ్యి కప్పుకుంది.

"నీ పెండ్లాం పట్టుకున్నది. ఎంత గుంజుకున్నా ఇడ్సిపెట్టలే. కన్నకొడుకువు, నువ్వు గూడ గట్ల పట్టుకోవు" అంది.

సిగ్గుతో నా తల లేవలేదు. ఆమె ముఖం చూడకుండానే వంటింట్లోకి వెళ్ళిపోయాను.