అమ్మ ప్రార్థనలో పరాయి పేర్లు

దయ్యాలంటే మా ఇంట్లో భయం కాదు, విసుగు. బళ్ళారి కంటోన్మెంట్‌లో మాది తాతల నాటి మిషన్ సంఘం. పోయినవాళ్ళు ప్రభువు దగ్గర ఉంటారు, వీధుల్లో తిరగరు అని చెప్పి పెంచారు మమ్మల్ని. పైగా నేను బడిపంతులమ్మని. దయ్యం కథలు చెప్పే పిల్లలకు నా చేతిలో మొట్టికాయలే. ఇప్పుడు నేనే ఇది రాస్తున్నాను, నవ్వుకోండి.

మా తమ్ముడు దానియేలు ఇక్కడే జీన్స్ వాషింగ్ యూనిట్‌లో పనిచేసేవాడు. జీతం ఎక్కువని ఒక ఏజెంటు ద్వారా ఆఫ్ఘనిస్తాన్ వెళ్ళాడు, విదేశీ సైన్యాల శిబిరంలో బట్టలుతికే పనికి. ఆ సైన్యాలకూ తాలిబాన్లకూ యుద్ధం వాడు బడికెళ్ళే రోజుల నుంచీ సాగుతూనే ఉంది. "ఎవురు గెలిస్తే మనకేందక్కా, మురికి మురికే" అనేవాడు ఫోన్లో.

మా ఇంట్లో సాయంత్రం ప్రార్థనకు ఒక పద్ధతి ఉంది. దూరాన ఉన్న మావాళ్ళ పేర్లు అమ్మ ఒక్కొక్కటే చెప్పి, కాపాడమని అడుగుతుంది. బతికున్నవాళ్ళ పేర్లే. ఎవరైనా పోతే ఆ పూట నుంచి ఆ పేరు ఆగిపోతుంది. చనిపోయినవారి కోసం ప్రార్థించడం మా సంఘంలో లేదు. దానియేలు వెళ్ళినప్పటి నుంచి వాడి పేరే మొదట వచ్చేది.

ఒకసారి వాడు ఫోన్లో చెప్పాడు, చనిపోయిన సైనికుల బట్టలు కూడా ఉతికి వాళ్ళ ఇళ్ళకు పంపుతారట. చొక్కా మీద పేరు కుట్టి ఉంటుందట. మెషీన్‌లో వేసేముందు ఆ పేరు పైకి చెప్పి, ఒక్క ముక్క ప్రార్థన చేస్తాడట. అమ్మకు కోపం నషాళానికి అంటింది.

"సచ్చినోళ్ళకు ప్రార్థనేందిరా? మన సంఘంలో అట్లుండాదా?"

"వాళ్ళమ్మలు యాడనో దూరంగా ఉండారు గదమ్మా" అన్నాడు వాడు.

ఆ తర్వాత వాడి ఫోన్ రాలేదు. శిబిరాల మీద రాకెట్లు పడుతున్నాయని టీవీలో చూసి అమ్మ సరిగా తినడం మానేసింది. ఒక సాయంత్రం, ఇంకా వెలుతురు ఉండగానే, ప్రార్థనకు కూర్చున్నాం. దానియేలు పేరు మొదట రాలేదు. లిండ్‌క్విస్ట్ అంది అమ్మ. జీవితమంతా స్కూలును ఇస్కూలు అన్న మనిషి తడబడకుండా పలికింది. దాని వెనక అలాంటివే ఇంకొన్ని పేర్లు. అన్నీ అయ్యాక "నా కొడుకు దానియేలు" అని, ఆమెన్ చెప్పి చారు వెచ్చబెట్టడానికి లేచింది.

నేనూ వెనకే వంటింట్లోకి వెళ్ళాను. ఎవరి పేర్లమ్మా అవి అన్నాను.

"ఏ పేర్లే? మనోళ్ళవే గదా" అంది, నావైపు వింతగా చూసి.

మర్నాడు కబురు వచ్చింది. ముందురోజు సాయంత్రమే రాకెట్ వాళ్ళ ఉతుకు షెడ్డు మీద పడింది. దానియేలు లేడు. పెట్టె బెంగళూరు మీదుగా వచ్చింది, మూత తీయనివ్వలేదు. గుండె పగిలేలా ఏడ్చాను నేను. అమ్మ ఏడవలేదు.

కొన్నాళ్ళకు శిబిరంలో వాడితో పనిచేసిన, మా జిల్లాలోని సిరుగుప్ప మనిషి శీను పలకరించడానికి వచ్చాడు. అమ్మ లోపల టీ పెడుతుంటే, ఆఖరున మా తమ్ముడు ఏం చేస్తున్నాడని అడిగాను. ఆ పేర్ల సంగతి నేను ఎత్తనేలేదు.

"ఆ పొద్దు సచ్చిపోయినోళ్ళ బట్టల మూట వచ్చిండెక్కా. పేర్లు చెప్తా మిషన్లో ఏస్తాండె. ఒక పేరు వానికి నోరు తిరగలే, నాతో సదివించుకున్యాడు. లిండ్‌క్విస్ట్ అని."

అమ్మకు ఇంగ్లీషు చదవడం రాదు. ఆ పేర్లు మా టీవీలో రాలేదు. ఆ సైన్యాలన్నీ కూడా ఎప్పుడో వెళ్ళిపోయాయి. దయ్యాలను ఇప్పటికీ నమ్మను. మరి అదేమిటంటే చెప్పలేను.

అమ్మ మాత్రం ఒక్కటే అడుగుతుంది. "ఆ పొద్దు వాని పేరు చెప్పినా గదా? మరిసిపోలేదు గదా?" తను మరిచిపోవడం వల్లే కొడుకు పోయాడేమోనని ఆమె దిగులు. చెప్పావమ్మా అంటాను. ఎవరి పేర్ల తర్వాత చెప్పిందో మాత్రం నేను ఇంతవరకు ఆమెతో అనలేదు.