మీ ఇంట్లో ఎన్ని చీరలు పెడతారండీ?

గృహప్రవేశంలో పాలు పొంగే వేళకి నా రొంటిలో ఫోను మోగింది. పొంగేదాకా ఆగి తీశాను. రాజమండ్రి నుంచి మేడంగారి తమ్ముడు. "అక్క పొద్దున్నే పోయిందండి పంతులుగారూ. గుండె ఆగిపోయింది" అన్నాడు. శుభకార్యం మధ్యలో పురోహితుడు ఏడవకూడదు. ఆ దంపతులకి నవ్వుతూ అక్షింతలు వేసి, తాంబూలం పుచ్చుకుని, వీధి మలుపు తిరిగాక స్కూటర్ ఆపి ఏడ్చాను. అదీ ఎంతోసేపు కాదు. మేడంగారు గుర్తొస్తే నాకు ఏడుపు నిలవదు, నవ్వొచ్చేస్తుంది.

ఆవిడ శాస్త్రవేత్త. హైదరాబాదులో ఒక లేబొరేటరీలో పనిచేసి, రిటైరయ్యాక తన ఊరు రాజమండ్రి వచ్చేశారు. కొన్ని కుటుంబాల్లో క్యాన్సర్ తరతరానికీ ఎందుకు వస్తుంది, పుట్టుకతోనే ఒంట్లో ఉండే ఏ జన్యువులో తేడా వల్ల వస్తుంది, అన్నదే ఆవిడ జీవితమంతా వెతికిన సంగతి. నేను కోనసీమలో పెళ్ళిళ్ళూ వ్రతాలూ చేయించేవాణ్ణి. మా ఇద్దరికీ పరిచయం కావడానికి కారణం అయిదు చీరలు.

ద్రాక్షారామం దగ్గర ఒక పెళ్ళి. పెళ్ళికూతురు మేడంగారి దగ్గర చదువుకున్న పిల్ల. ముందురోజు ఆ ఇంట్లో పెద్దలకి బట్టలు పెట్టిస్తున్నాను. మా వైపు ముత్తైదువగా పోయిన ఆడవాళ్ళకి, ఇంట్లో శుభకార్యం తలపెట్టినప్పుడు, ఒక్కొక్కరి పేరు చెప్పి ఒక్కో చీర, రవికలగుడ్డ, పసుపు కుంకుమ పెట్టి దణ్ణం పెట్టుకుంటారు. తర్వాత ఆ చీరలు ఇంటి ఆడవాళ్ళే కట్టుకుంటారు. ఆ రోజు పీట మీద అయిదు చీరలున్నాయి. లావుపాటి కళ్ళజోడు పెట్టుకున్న ఒకావిడ చేతిలో పులిహోర ఆకుతో వచ్చి నా పక్కన చతికిలబడ్డారు.

"ఇవి ఎవరికండీ?"

చెప్పాను.

"ఏ వయసులో పోయారు?"

"ముప్పై, నలభై. ఒకావిడకి పాతికేళ్ళు కూడా దాటలేదండి."

"ఏం జబ్బు?"

"అది ఎవరు చెబుతారండీ? రొమ్ములో గడ్డ అంటారు, కడుపులో నీరు అంటారు, గాలి సోకిందంటారు."

ఆవిడ ఆకు పక్కన పెట్టి, ఆ చీరల్ని ఒక్కొక్కటే వేలితో లెక్కపెట్టారు. పులిహోర చల్లారిపోయింది.

అంతకు రెండేళ్ళ ముందునుంచీ మేడంగారు మా ఊళ్ళు తిరుగుతూ, "మీ ఇంట్లో ఎవరికైనా క్యాన్సర్ వచ్చిందా?" అని అడుగుతున్నారట. ఆడపిల్లలున్న ఇళ్ళలో వచ్చిందని ఎవరు చెబుతారు? మంచినీళ్ళిచ్చి మర్యాదగా పంపేసేవారు. ఆ పెళ్ళి తర్వాత ఆవిడ ప్రశ్న మార్చేశారు. "మీ ఇంట్లో ఎన్ని చీరలు పెడతారండీ?" అంతే, ఇక ఆపడం కష్టం. ఒక్కో చీరకీ ఒక్కో మనిషి. ఆవిడ చేసే వంట, ఆవిడ జడ పొడుగు, పోయేనాటికి చంకలో ఉన్న పిల్ల, అన్నీ చెప్పేవారు. మేడంగారు వింటూ కాగితం మీద వంశవృక్షం గీసుకునేవారు.

ముహూర్తాలు లేని మూఢాల్లో ఆవిడని నా స్కూటర్ వెనకాల కూర్చోబెట్టుకుని పాలకొల్లు నుంచి యానాం దాకా తిప్పాను. ఎవరి పిల్లని ఎవరికిచ్చారు, మేనరికమా బయటి సంబంధమా అని ఆవిడ అడుగుతుంటే, పక్కన నేను. ఇంకేం, పెళ్ళిళ్ళ పేరమ్మ దిగిందని ప్రచారమైపోయింది. ఒక ఊళ్ళో అబ్బాయి ఫొటో, జాతకం తెచ్చి ఆవిడ చేతిలో పెట్టారు. మేడంగారు అవి తీసుకుని, "కుర్రాడు బాగున్నాడు, ఈ మీసమే తీసెయ్యమనండి" అన్నారు.

కాగితం మీద మగవాళ్ళకి చదరం, ఆడవాళ్ళకి గుండ్రం గీయడం వాళ్ళ పద్ధతి. ఒక ముసలమ్మగారు అది చూసి గయ్యిమన్నారు. "మగాళ్ళకేమో పెట్టెలు, మాకు సున్నాలా? ఏడుగుర్ని కన్నానమ్మా!" మేడంగారు కలం ఆవిడ చేతికే ఇచ్చేశారు. ఆ తల్లి తన సున్నా చుట్టూ ఎనిమిది రేకులు గీసి పద్మం చేసింది. ఆ కాగితం అలాగే హైదరాబాదులో ఆవిడ పాత లేబొరేటరీకి వెళ్ళింది.

ఆ ఇళ్ళవాళ్ళు ఇచ్చిన రక్తం పరీక్షించగా, కొన్నేళ్ళకి విషయం తేలింది. ఒకదానితో ఒకటి సంబంధం లేదనుకున్న నాలుగు ఇంటిపేర్ల వాళ్ళ రక్తంలో తేడా ఒక్కటే. ఎప్పుడో ఒకే ఇంట్లో పుట్టిన ఆడపిల్లలు తలో ఇంటికీ కోడళ్ళుగా వెళ్ళారు. "పెళ్ళిలో గోత్రం మారుస్తారు కానీ ఇది మీ మంత్రాలకి లొంగదండి" అని నన్ను ఏడిపించేవారు. ఆ పరిశోధన పెద్ద పత్రికలో అచ్చయింది. చివర కృతజ్ఞతల్లో "ఒక పురోహితుడికి" అని మాత్రమే ఉందని అలిగాను. "మీ పేరు వేస్తే ఏ ఇళ్ళో తెలిసిపోదూ? నోరు కట్టుకోండి" అన్నారు. ఊరందరి గుట్టూ తెలిసిన నాకు ఏ ఒక్క ఇంటి ఫలితమూ చెప్పలేదావిడ. ఆ కడుపుమంట నాకు చాన్నాళ్ళు ఉండేది.

ఇప్పుడు నా సంగతి చెప్పాలి. మా ఇంట్లో మూడు చీరలు పెడతాం. మా నాయనమ్మకి, మేనత్తకి, మా అక్కకి. అక్క ముప్పై నాలుగేళ్ళకే పోయింది. ఇన్ని ఇళ్ళు చూపించిన నేను ఆ మాట మేడంగారి దగ్గర ఆరేళ్ళు దాచాను. నాకు ఒక్కతే కూతురు. తెలిస్తే సంబంధాలు రావని భయం. రాయడానికి ఇప్పటికీ సిగ్గుగానే ఉంది. మా ఇంటికి ఎన్నిసార్లు వచ్చినా, మా ఆవిడ చేసిన కందబచ్చలి మారు వడ్డించుకుని తిన్నా, మేడంగారు ఎప్పుడూ అడగలేదు.

ఒకరోజు కాఫీ ఇస్తూ మా అమ్మాయే అనేసింది. "మా ఇంట్లో మూడు పెడతామండీ. నాన్నగారు మీకు చెప్పలేదా?"

నేను తడబడ్డాను. "వాళ్ళంతా నా వైపు వాళ్ళండి. దీనిది వాళ్ళమ్మ పోలిక. పైగా నేను మగవాణ్ణి కదా!"

"తర్పణాలు ఇటు నాన్న వైపూ, అటు అమ్మ వైపూ వదుల్తారు కదా పంతులుగారూ. ఇద్దరి నుంచీ వచ్చారనేగా? మరి ఇదొక్కటీ మిమ్మల్ని దాటుకుని పోతుందా?" అన్నారు మేడంగారు, కాఫీ ఊదుకుంటూ.

సూదంటే నాకు ప్రాణభయం. రక్తం తీస్తుంటే ధైర్యానికి సంకల్పం చెప్పుకోమన్నారు. చెప్పాను. సంవత్సరం పేరు తప్పు చెప్పానని మా అమ్మాయి ఇప్పటికీ నవ్వుతుంది.

ఆ తేడా నాలో ఉంది. మా అమ్మాయికి ఆ తేడా రావడానికీ రాకపోవడానికీ సమానంగా అవకాశం ఉందన్నారు. వచ్చింది. నేను మేడంగారితో నాలుగు నెలలు మాట్లాడలేదు. ఆవిడేదో తెచ్చి మా ఇంట్లో పెట్టినట్టు కోపం. ఒక మధ్యాహ్నం ఎర్రటి ఎండలో బస్సు దిగి, గొడుగు ముడుస్తూ వచ్చి మా అరుగు మీద కూర్చున్నారు. "ఎవరికి చెప్పాలో, చెప్పకూడదో మీ అమ్మాయి ఇష్టం. ఏటేటా స్కానింగుకి మాత్రం పంపండి. సంబంధం పోతే ఇంకోటి వస్తుంది పంతులుగారూ. పిల్ల ఇంకోటి రాదు" అన్నారు. ఇంతవరకూ నేను ఎవరి పెళ్ళిలోనూ అంతకన్నా మంచి మాట చెప్పలేదు.

మా అమ్మాయి పెళ్ళికొడుకులకి తానే చెప్పింది. మొదటివాళ్ళు తర్వాత కబురు చేస్తామని వెళ్ళి, చేయలేదు. రెండో అబ్బాయి అమలాపురంలో లెక్కల మాస్టారు. అంతా విని, "మా ఇంట్లో అందరికీ షుగరండీ. మీకేం అభ్యంతరం లేదుగా?" అన్నాడు. మేడంగారు ఆ మాట విని ఎంత నవ్వారో! అతగాడే మా అల్లుడు.

పిల్లకి ముప్పై ఒకటో ఏట స్కానింగులో పెసరగింజంత కనిపించింది. అంతకు ముందు ఏడాది లేదు. ఆపరేషను, మందులు అన్నీ అయ్యాయి. జుట్టు ఊడినప్పుడు మేడంగారు ఆసుపత్రికి ఒక దువ్వెన పట్టుకొచ్చారు. "ఇప్పుడెందుకండీ?" అని అది ఉక్రోషంగా అడిగితే, "అవసరమైనప్పుడు వెతుక్కుంటావని" అన్నారు. నిజంగానే కొన్నాళ్ళకి అవసరమైంది.

నేను శుభాలే చేయిస్తాను కాబట్టి, పదకొండో రోజున రాజమండ్రికి భోజనానికి మాత్రమే వెళ్ళాను. మా అమ్మాయీ వచ్చింది. మేడంగారు పెళ్ళి చేసుకోలేదు, చుట్టాలు తక్కువ. తమ్ముడుగారు నలభై మందికి వండించారు. పదకొండు గంటల నుంచీ ఆడవాళ్ళు రావడం మొదలెట్టారు. బస్సుల్లో, ఆటోల్లో, ఒక వ్యాను నిండా యానాం వైపు నుంచి. ఆయన కంగారుపడి గుమ్మంలో ఒకావిడని అడిగారు.

"మీరెవరో తెలియలేదండి."

"మేడంగారికి చుట్టాలమండి."

"అలాగా. ఏ వరసండీ?"

ఆవిడ చెప్పులు విప్పి పక్కన పెట్టింది. "మా అమ్మ ముప్పై ఆరేళ్ళకే పోయిందండి. నాకిప్పుడు యాభై రెండు. అదేనండి వరస."

ఆయన ఇంకెవర్నీ ఏమీ అడగలేదు. లోపలికి వెళ్ళి మళ్ళీ ఎసరు పెట్టించారు.

రెండు బంతులు లేచి మూడో బంతి కూర్చుంది. మా అమ్మాయి కొంగు నడుముకి దోపుకుని గుమ్మడికాయ పులుసు వడ్డిస్తోంది. చెమటకి ముంగురులు నుదుటికి అంటుకున్నాయి. ఈ ఏడు దానికి ముప్పై అయిదు నిండాయి. మా అక్క ఈ వయసు చూడలేదు. ఈ వయసులో మా ఇంటి పిల్ల ఎలా ఉంటుందో నేను చూడటం ఇదే మొదటిసారి.

"నాన్నగారూ, అలా నిలబడిపోయారేంటి? ఆకులు అయిపోయాయి!" అని అరిచింది.

కత్తి పట్టుకుని పెరట్లో అరటిచెట్ల దగ్గరికి వెళ్ళాను. నేను ఆకులు కోస్తున్నంతసేపూ వీధిగేటు చప్పుడవుతూనే ఉంది.