సుమారు గిట్టని ఫ్రాన్సిస్ గారు

ఫ్రాన్సిస్ గారికి ‘సుమారు’ అన్న మాట గిట్టదు. కొందరికి వంకాయ పడదు, కొందరికి బావమరిది పడడు, ఈయనకి సుమారు పడదు. టైమెంతయిందని అడిగితే నాలుగూ పదిహేడు అనేవారు. అంటే నాలుగుంపావన్నమాట అని మనం అన్నామో, మిగిలిన రెండు నిమిషాలూ ఎక్కడ పారేశావని నిలదీసేవారు. ఎవరైనా ‘సుమారుగా’ అంటూ మొదలుపెడితే పెన్ను కింద పెట్టి, ఆ మనిషికి అసలు లెక్క గుర్తొచ్చేదాకా ఓపిగ్గా కూర్చునేవారు.

విశాఖపట్నంలో ఒక వైద్య కళాశాల ల్యాబ్‌లో తొమ్మిదేళ్లు ఆయన కింద టెక్నీషియన్‌గా పనిచేశాను. ఆయన రిటైరై రెండేళ్లయింది. ఇప్పుడు మేం కొలవాల్సినవన్నీ కంప్యూటరే కొలిచేస్తుంది, టీ చల్లారేలోపు. పని హాయిగానే ఉంది. అయినా స్లయిడు మీద ఏదో ఒకచోట సందేహం వస్తుంది, అలవాటుగా పక్క స్టూలు వైపు తల తిప్పుతాను. అక్కడ ఇప్పుడు ప్రింటరుంది.

ఆయనతో కాపురం చేసిన ప్రేమలీల గారి ఓపిక ఇంకో ఎత్తు. వంటలో ‘చిటికెడు ఉప్పు’ అంటే ఎంతో తేల్చాలని ఫ్రాన్సిస్ గారు ఒక ఆదివారం చర్చి నుంచి రాగానే చిన్న త్రాసు ముందేసుకుని ఆవిడ చేత మూడు చిటికెలు పోయించారు. మూడూ మూడు రకాలుగా తూగాయి. ఆయనకి బెంగ పట్టుకుంది. ఆవిడ మాత్రం నాలుగో చిటికెడు కూరలో వేసేసి, దీన్ని నోటితో కొలుచుకోండి అని కంచం పెట్టారట.

ఫిషింగ్ హార్బర్‌లో చేపలమ్మే చిట్టమ్మ దగ్గర మాత్రం ఆయన ఓడిపోయారు. ఆ రోజు నేనూ పక్కనే ఉన్నాను. చేప సుమారు కేజీ ఉంటాదని ఆవిడ అంది. సుమారంటే ఎంతని ఈయన అడిగారు.

“సుమారంటే సుమారే బావూ. సేప సచ్చిపోనాది. ఇంక పెరగదు, తరగదు. అట్టుకెల్లిపో.”

ఆయన డబ్బిచ్చి అట్టుకెల్లిపోయారు.

ఇంతకీ మా పనేమిటంటే, చెవి లోపలి చెవిని కొలవడం. చనిపోయాక చెవులు దానమిచ్చినవాళ్ల కణత ఎముకను మందునీళ్లలో నెలల తరబడి నానబెడతాం. మెత్తబడ్డాక వెంట్రుక కంటే పలచగా కోసి మైక్రోస్కోపు కింద పెడతాం. అందులో శనగగింజంత చోటులో నత్తగుల్లలా రెండున్నర చుట్లు తిరిగిన గొట్టం ఉంటుంది. దాని పొడుగునా కణాలు బారులు తీరి ఉంటాయి. గొట్టం మొదట్లోవి సన్నటి చప్పుళ్లను పట్టుకుంటాయి, లోపలి కొసనున్నవి మందపు చప్పుళ్లను. ఏవి ఉన్నాయి, ఏవి రాలిపోయాయి, ఎక్కడెక్కడ అన్నది మైక్రాన్లలో రాయాలి. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. ఆ వెయ్యో వంతు దగ్గర కూడా ఆయన బేరానికొచ్చేవారు కాదు. పొద్దున ఒకసారి, భోజనమయ్యాక ఒకసారి, మర్నాడు ఇంకోసారి కొలిచేవారు. మూడూ కలవకపోతే మళ్లీ మొదటికి.

కొత్తలో నేనొకసారి ‘సుమారు ముప్ఫై’ అని రాశాను. ఆయన కోప్పడలేదు. నిజంగానే తెలుసుకోవాలన్నట్టు అడిగారు.

“ఈ చెవిగలాయన సుమారుగా బతికేడా నీలిమా?”

ఆ రోజంతా నేను కణాలు లెక్కపెడుతూనే ఉన్నాను.

ఆయన చేతికొచ్చిన చివరి చెవి గవర్రాజుది. గవర్రాజు కాంట్రాక్టు పని మీద, పోర్టుకి వచ్చే ఓడలకు సుత్తితో తుప్పు రాల్చేవాడు. ముప్ఫై ఏళ్లు ఇనుము మీద ఇనుము మోగించి, చివరి పదేళ్లూ చెవుడుతో గడిపాడు. మా చెవి వార్డులోనే దానం కాగితం మీద సంతకం చేశాడు. అతను పోయాక భార్య ఆదిలక్ష్మమ్మ నెలకోసారి సబ్బవరం నుంచి బస్సెక్కి వచ్చి మా వరండాలో కూర్చునేది. ఏదో సర్టిఫికెట్టు కోసమనుకున్నాం. ఫ్రాన్సిస్ గారు బయటికెళ్లి ఆవిడతో ఏదో మాట్లాడి, ఫోను జేబులో వేసుకుని వచ్చి మళ్లీ మైక్రోస్కోపు ముందు కూర్చునేవారు.

పద్నాలుగు నెలలు గడిచాయి. మా డిపార్టుమెంటు పెద్ద డాక్టర్ మోహనకృష్ణ గారికి ఒక సదస్సులో చదవడానికి ఆ లెక్కలు కావాలి. ఉన్నంతలో సుమారుగా ఇమ్మన్నారు. ఆ మాట ఎవరితో అంటున్నారో ఆయన మరిచిపోయినట్టున్నారు. ఇంకా కాలేదని ఫ్రాన్సిస్ గారు జవాబిచ్చారు. మెమో వచ్చింది. శుక్రవారం మధ్యాహ్నానికి ఇవ్వకపోతే స్లయిడ్లన్నీ వేరే ఊరి ల్యాబ్‌కి పంపేస్తామని అందులో ఉంది. రిటైర్మెంటుకి మూడు నెలలుంది. ముప్ఫై ఏళ్ల నౌకరీ మెమోతో ముగుస్తుందేమోనని నాకు భయమేసి, ఈ ఒక్కసారికి పట్టుదల మానండి సార్ అని బతిమాలాను. శుక్రవారం దాకా టైముంది కదమ్మా అన్నారు.

శుక్రవారం పొద్దున ఆదిలక్ష్మమ్మ వచ్చింది. ఈసారి ఆయన ఆవిణ్ణి లోపలికి తీసుకొచ్చి తన స్టూలు మీదే కూర్చోబెట్టారు. కూర్చుంటూనే ఆవిడ అడిగింది.

“ఇనపడిందా బావూ?”

అప్పుడు తెలిసింది నాకు. ఆసుపత్రిలో చివరి రోజున ఆవిడ మొగుడి చెవి దగ్గరగా వంగి ఒక మాట అంది. అతను పలకలేదు, తలైనా ఊపలేదు. ఆ మాట వినిపించిందో లేదో తెలుసుకోవాలని ఆవిడ పద్నాలుగు నెలలుగా బస్సెక్కుతోంది. ఇనపడకుండా ఎల్లిపోతే ఆ మాట నా నోట్లోనే ఉండిపోయినట్టు కదా అంది. ఫ్రాన్సిస్ గారు ప్రతి నెలా ఆవిడ చేత మాటలు పలికించి ఫోనులో ఎక్కించుకున్నారు. ఆవిడ గొంతులో ఏ అక్షరం సన్నంగా ఉంది, ఏది మందంగా ఉంది అని విడదీసి, ఒక్కో అక్షరం గవర్రాజు చెవిలో ఎక్కడ పడుతుందో వెతికి, అక్కడి కణాలు మూడేసిసార్లు లెక్కపెట్టారు. సదస్సుకి కావలసిన లెక్క ఎప్పుడో అయిపోయింది. అది ఇచ్చేస్తే ఇక్కడి పనైపోయిందని స్లయిడ్లు తీసుకుపోతారని దాచారు.

ఆయన నోట్సు తెరిచారు. గొంతు చాలా మెత్తగా ఉంది.

“మొదటి పదకొండు వేల నాలుగు వందల ముప్ఫై మైక్రాన్ల మేరా ఏమీ మిగల్లేదమ్మా. ‘స’ పడేది అక్కడే. ఆయనకి ‘స’ వినపడదు.”

ఆవిడకి ఏదో గుర్తొచ్చింది.

“ఒకపాలి సేపలు తెమ్మంటే ఏపకొమ్మలు తెచ్చేడు బావూ. ఎటకారమాడతన్నాడని మూడు నెల్లు మాటాడ్లేదు నాను.”

“స పోతే సేపలు ఏపలే అవుతాయమ్మా. ఎటకారం కాదు.”

మూడు నెలలే, అని ఆవిడ తనలో తాను అనుకుంది. ఇప్పుడా మూడు నెలలూ ఎవరైనా తిరిగిస్తే బాగుండునన్నట్టు కిటికీలోంచి బయటికి చూసింది.

లోపలి కొస కణాలు చెక్కుచెదరలేదని, న, మ లాంటి మందపు అక్షరాలను పట్టేవి అవేనని ఆయన చెప్పారు. ఆ రోజు అన్న మాట ఇంకొక్కసారి అనమన్నారు.

“నానున్నాను.”

“అందులో ఆయన చెవి జారవిడిచే అక్షరం ఒక్కటి కూడా లేదు. తెలివిలోనే ఉన్నాడని నర్సు కాగితంలో రాసుంది. చెవి దాకా చేరిందమ్మా, అది నేను చెప్పగలను. మనసు దాకా వెళ్లిందో లేదో నా దగ్గర కొలత లేదు.”

“సెవి దాకా ఎల్తే సాలు బావూ. మిగతా దారి ఆయనకి తెలుసు.”

పన్నెండు కాకముందే లెక్కలు మోహనకృష్ణ గారి బల్ల మీదికి చేరాయి. చివరి పేజీలో మైక్రాన్ల పక్కన స, న, మ అని రాసి ఉండటం చూసి ఆయన నన్ను పిలిచి అడిగారు. చెప్పాను. ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకుని, మెమో కాగితాన్ని ఫైల్లోంచి లాగేశారు.

నేను ల్యాబ్‌కి తిరిగొచ్చేసరికి ఆదిలక్ష్మమ్మ ఇంకా కదల్లేదు. తన చెవులూ కొలవమంటోంది. నువ్వు నా మాట ఇనవే అని గవర్రాజు జీవితాంతం దెప్పాడట, ఆ సంగతీ తేలిపోవాలట. బతికున్నవాళ్లకి కింది వార్డులో పరీక్ష ఉందని చెప్పి ఫ్రాన్సిస్ గారు తనే వెంటబెట్టుకు వెళ్లారు. చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకుని అద్దాల గదిలో కూర్చుని, చప్పుడైనప్పుడల్లా వేలెత్తింది. అరవై దాటినా ఆవిడ చెవులకి పడుచుపిల్ల చెవులకున్నంత పదును ఉందని తేలింది.

ఆవిడ ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసుకుంది. తర్వాత కొంగు నోటికడ్డం పెట్టుకుని భుజాలు కదిలేలా నవ్వింది.

“అయితే ఆయన సెప్పిందే నిజం. అన్నీ ఇనపడ్డాయి, నానే ఇననట్టున్నాను. ఈ కాయితం ఒకటి ఇవ్వండి బావూ. పొటో ముందెట్టి, గెలిసేవురా మావా అని సెప్పాల.”